తులిప్ ప్రజాతి: ఎన్ని జాతులు, ఎన్ని విభాగాలు, ఏ లక్షణాన్ని నమ్మాలి?

పత్రహరితం రాశారు:

మిత్రులందరికీ నమస్కారం. తులిప్ ప్రజాతి (దగ్గరి బంధుత్వం ఉన్న జాతుల సమూహం) మీద తెలుగులో ఒక విజ్ఞాన సర్వస్వ వ్యాసం రాయడానికి పూనుకున్నాను. తోటల్లో పెంచే వేలాది సంకర రకాల జోలికి పోకుండా, కొండవాలుల్లోనూ గడ్డి మైదానాల్లోనూ తమంతట తాము పెరిగే అడవి తులిప్‌ల గురించి మాత్రమే రాయాలన్నది నా సంకల్పం. అయితే మొదటి పేరాలోనే కలం ఆగిపోయింది. ఒక గ్రంథం 76 జాతులంటే ఇంకొకటి వందకు పైగా అంటోంది. పాత పుస్తకాల్లో ప్రజాతిని రెండు విభాగాలు చేసి చూపారు, కొత్త వాటిలో నాలుగు ఉపప్రజాతులు కనిపిస్తున్నాయి. ఒకే మొక్క ఒక చోట స్వతంత్ర జాతిగా, మరొక చోట వేరొక జాతికి పర్యాయనామంగా ఉంది. సంఖ్య ఎందుకు ఇలా మారుతోందో నాకే అర్థం కాకపోతే పాఠకులకు ఏమని చెప్పగలను? ఈ ప్రజాతిని దగ్గరగా చూసిన వారు దయచేసి వివరించగలరు.

కేసరి రాశారు:

పత్రహరితం గారూ, మంచి ప్రశ్న వేశారు. సంఖ్యను కాసేపు పక్కన పెట్టి విభజన ఎలా మొదలైందో చూస్తే మిగిలినది దానంతట అదే విడుతుంది.

లిన్నేయస్ 1753లో ఈ ప్రజాతి కింద మూడు జాతులనే పేర్కొన్నాడు. అవి తులిపా సిల్వెస్ట్రిస్, తులిపా గెస్నేరియానా, తులిపా బ్రెయ్నియానా. వీటిలో మూడవది దక్షిణాఫ్రికా మొక్క, అసలు తులిపే కాదు. రెండవది తోట మొక్క. అంటే ఆయన జాబితాలో నిజమైన అడవి తులిప్ ఒక్కటే ఉంది. ఆ తరువాతి వంద సంవత్సరాలకు పైగా రష్యన్ సేకర్తలు మధ్య ఆసియా పర్వతాల నుంచీ, యూరప్ యాత్రికులు అనటోలియా, ఇరాన్ ప్రాంతాల నుంచీ గడ్డలను, ఎండబెట్టిన నమూనాలను తెస్తూ పోయారు. త్యాన్‌షాన్, పామిర్-అలాయ్ పర్వతశ్రేణులే ఈ ప్రజాతికి ప్రధాన కేంద్రమని అప్పుడు గాని బయటపడలేదు.

ఇన్ని మొక్కలను ఒక క్రమంలో పెట్టడానికి వృక్షశాస్త్రజ్ఞుడు బ్వాసియే 1882లో ఒక చిన్న లక్షణాన్ని ఎంచుకున్నాడు. తులిప్ పువ్వులో ఆరు కేసరాలుంటాయి. ఆ కేసర దండం (పుప్పొడి తిత్తిని మోసే కాడ) అడుగున నూగు కుచ్చులా ఉంటే ఎరియోస్టెమోనెస్ అనీ, నూగు లేకుండా నున్నగా ఉంటే లియోస్టెమోనెస్ అనీ రెండు విభాగాలు చేశాడు. గ్రీకులో ఆ పేర్లకు అర్థం కూడా అదే: ఉన్ని కేసరాలు, నున్నని కేసరాలు. మీరు పాత పుస్తకాల్లో చూసిన రెండు విభాగాలు ఇవే. నేటి గ్రంథాల్లో లియోస్టెమోనెస్ అన్న పేరు కనిపించకపోవడానికి నామకరణ నియమం కారణం. ప్రజాతికి ప్రామాణికమైన జాతి ఏ ఉపప్రజాతిలో ఉంటే ఆ ఉపప్రజాతి ప్రజాతి పేరునే ధరించాలి, కనుక అది ఇప్పుడు ఉపప్రజాతి తులిపా అయింది.

మొగలిరేకు రాశారు:

కేసరి గారూ, నేను వృక్షశాస్త్రం చదువుకున్నదాన్ని కాదు, పూల ఛాయాచిత్రాలు తీస్తూ ఈ వేదికకు వచ్చాను. నాకు ఒక సందేహం. తులిప్‌ను చూడగానే కంటికి కనిపించేవి ఎరుపు, పసుపు, తెలుపు రంగులు, రేకుల లోపలి నల్లని మచ్చ, పువ్వు పరిమాణం. వాటన్నిటినీ వదిలి, రేకులు విడదీస్తే తప్ప కనిపించని నూగును ఎందుకు పట్టుకోవాలి? బ్వాసియేకు అది సౌకర్యంగా ఉందనా, లేక దాని వెనుక ఏదైనా జీవశాస్త్ర కారణం ఉందా?

వనమాలి రాశారు:

మొగలిరేకు గారూ, రంగు సంగతి నేను చెబుతాను, ఎందుకంటే దాన్ని నమ్మి చాలా ఏళ్లు తప్పుదారిలో నడిచినవాణ్ణి.

తులిపా లినిఫోలియా అనే చిన్న తులిప్ ఉంది. ఆకులు సన్నగా, అంచులు అలలుగా ఉండి, పువ్వు నిప్పులాంటి ఎరుపుతో విచ్చుకుంటుంది. దానిలాగే ఉండి లేత పసుపు పూలు పూసేదాన్ని 1889లో రెగెల్ తులిపా బటాలినీ అని వేరే జాతిగా వర్ణించాడు. నేను ఈ రెండింటినీ వేరు వేరు కుండీల్లో, వేరు వేరు పేర్ల చీటీలతో పెంచాను. ఒక వసంతంలో పువ్వులను విప్పి పక్కపక్కన పెట్టి, ఆకు, గడ్డపై పొర, కేసరం, అండాశయం ఒక్కొక్కటిగా పోల్చుకుంటూ వెళ్తే, పసుపు ఎరుపు అన్న తేడా తప్ప చెప్పుకోదగిన భేదం ఏదీ దొరకలేదు. రెండింటి మధ్య సంకరం జరిపితే చక్కగా విత్తనాలు కట్టాయి. ఆ విత్తనాలు పూతకు రావడానికి అయిదారేళ్లు ఎదురుచూశాను. తులిప్‌లలో అంత ఓపిక తప్పదు, మొదటి ఏడాది దారంలాంటి ఒకే ఒక్క ఆకు వస్తుంది, ఆ తరువాత కూడా పూత వచ్చేదాకా ఏటా ఒక్క ఆకుతోనే సరిపెట్టుకుంటుంది. చివరకు పూసిన పిల్ల మొక్కల్లో ఎరుపుకూ పసుపుకూ మధ్య ఉండే ఆప్రికాట్, నారింజ ఛాయలన్నీ కనిపించాయి. నేడు బటాలినీని లినిఫోలియాలోనే కలిపి చూస్తున్నారు. అదే న్యాయం పుల్చెల్లా, వయొలేసియా అన్న పేర్లకు కూడా జరిగింది, అవి ఇప్పుడు తులిపా హ్యూమిలిస్‌లో భాగం.

రంగు ఒకే కొండవాలు మీద, ఒకే గుంపులో మారగలదు. జాతుల సంఖ్య ఒకప్పుడు పెరగడానికి పెద్ద కారణం ఇదే.

శోధిని రాశారు:

వనమాలి గారు చెప్పినదానికి హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కల నమూనాలను భద్రపరిచే చోట పనిచేసే మనిషిగా ఒక మాట చేరుస్తాను. రంగు ఎండిన నమూనాలో నిలవదు. ఎర్రని తులిప్ కొన్ని దశాబ్దాలకు గోధుమ రంగులోకి దిగిపోతుంది, అడుగు మచ్చ ఒక నీడలా మిగులుతుంది. వందేళ్ల నాటి నమూనాను ముందు పెట్టుకున్నప్పుడు నాకు ఆధారం సేకర్త తన చీటీ మీద రాసిన ఒక్క మాటే, చాలా సార్లు ఆ మాట కూడా ఉండదు. నూగు అలా కాదు. నూటయాభై ఏళ్ల తరువాత కూడా సూక్ష్మదర్శిని కింద అలాగే కనిపిస్తుంది.

మొగలిరేకు గారి అసలు ప్రశ్నకు, అంటే నూగు వెనుక జీవశాస్త్ర కారణం ఉందా అన్నదానికి సమాధానం ఆ తరువాతి పరిశోధనల్లో దొరుకుతుంది. ఎరియోస్టెమోనెస్‌లోని జాతులను, పెద్ద పూల నున్నని కేసరాల జాతులను సంకరం చేయాలని ఎందరో ప్రయత్నించారు. ఒకే ఉపప్రజాతిలో ఉన్నవి కలిసినంత సులువుగా ఇవి కలవవు. తోటల్లోని డార్విన్ హైబ్రిడ్ రకాలు గెస్నేరియానా, ఫోస్టెరియానాల కలయిక వల్ల వచ్చాయంటే, ఆ రెండూ ఉపప్రజాతి తులిపాకే చెందినవి కావడం వల్లనే. కనుక నూగు దానంతట అది ముఖ్యం కాదు, ఎప్పుడో విడిపోయిన రెండు వంశాలకు పైకి కనిపించే ఒక గుర్తు మాత్రమే. గుర్తు చిన్నదైనా అది సూచించే ఎడం పెద్దది.

ఇక రెండు నాలుగు ఎలా అయ్యాయో చెప్పాలి. డేనియల్ హాల్ 1940లో ఈ ప్రజాతి మీద వెలువరించిన గ్రంథంలో రూప లక్షణాలతో పాటు క్రోమోజోముల లెక్కను కూడా ఆధారంగా తీసుకున్నాడు. తులిప్‌లో మూల సంఖ్య 12, చాలా జాతుల్లో 24 క్రోమోజోములుంటాయి. అయితే తులిపా సిల్వెస్ట్రిస్‌లో 24 ఉన్న మొక్కలూ 48 ఉన్న మొక్కలూ దొరుకుతాయి. 24 ఉన్నవాటిని ఆస్ట్రాలిస్ అనే ఉపజాతిగా చూస్తారు. తులిపా శాక్సాటిలిస్‌లో 36 ఉన్నవి విత్తనాలు కట్టలేక, భూమి లోపల కాడలు సాచి గడ్డలతోనే వ్యాపిస్తాయి. దక్షిణ యూరప్‌లో నాటుకుపోయిన తులిపా క్లూసియానాలో 60 ఉన్నాయి. క్రోమోజోముల సంఖ్య ఒక జాతి లోపలే ఇలా మారుతుంది కనుక, ఉపప్రజాతులను వేరు చేయడానికి అది పెద్దగా ఉపకరించలేదు.

2009లో నెదర్లాండ్స్‌కు చెందిన బెన్ జోనెవెల్డ్ వేరే మార్గం తొక్కాడు. క్రోమోజోములను లెక్కించడానికి బదులు, కణ కేంద్రకంలో మొత్తం ఎంత డిఎన్ఏ ఉందో కొలిచాడు. నాలుగు వందలకు పైగా నమూనాలను పరిశీలించి, 24 క్రోమోజోములే ఉన్న తులిప్‌లలో కూడా ఈ పరిమాణం 32 నుంచి 69 పికోగ్రాముల (పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు) దాకా మారుతోందని చూపించాడు. మనిషి కణంలో ఉండేది దాదాపు ఆరున్నర పికోగ్రాములు మాత్రమేనని గుర్తు పెట్టుకుంటే ఆ విస్తారం అర్థమవుతుంది. క్లూసియానా, మోంటానా, లినిఫోలియా వంటి కొన్ని జాతులు ఈ కొలతలో అడుగున, తక్కువ డిఎన్ఏతో ఒక గుంపుగా నిలిచాయి. వాటిని క్లూసియానే అనే ఉపప్రజాతిగా వేరు చేశారు. పువ్వులో పొడవైన కీలం (అండాశయం మీద నిలిచే కాడ, దాని కొనే కీలాగ్రం) ఉన్న జాతులకు ఒరిథియా అన్న ఉపప్రజాతి అంతకుముందే ఉంది. అలా నాలుగు అయ్యాయి. 2013లో క్రిస్టెన్‌హుస్, సహరచయితలు హరితరేణువుల డిఎన్ఏ వరుసలను పోల్చి ఆ నాలుగింటినీ సమర్థించారు. మీరు చూసిన 76 జాతుల సంఖ్య ఆ పత్రంలోనిదే.

కేసరి రాశారు:

శోధిని గారి వివరణ చదివాక నాకు ఒక విషయం స్పష్టంగా కనిపించింది, వ్యాసంలో దీనికి చోటు ఇవ్వాలని నా మనవి. బ్వాసియే గీసిన గీతకు ఒక పక్క నిలిచింది, రెండవ పక్క నిలవలేదు. నూగు ఉన్న ఎరియోస్టెమోనెస్ నేటికీ దాదాపు చెక్కుచెదరకుండా ఉంది. నూగు లేని పక్కన మాత్రం క్లూసియానే, ఒరిథియా, తులిపా అని మూడు వేరు వంశాలు బయటపడ్డాయి. ఒక లక్షణం ఉండటం బంధుత్వానికి సాక్ష్యం కావచ్చు గాని, ఒక లక్షణం లేకపోవడం అంత బలమైన సాక్ష్యం కాదు. ఎర్ర చొక్కా వేసుకున్న వారందరూ ఒకే పాఠశాల పిల్లలు కావచ్చు, వేసుకోని వారంతా మరొక పాఠశాల వారని చెప్పలేం కదా.

అయితే జాతుల స్థాయిలో డిఎన్ఏ పరిమాణాన్నే న్యాయమూర్తి స్థానంలో కూర్చోబెట్టడాన్ని నేను అంగీకరించను. రెండు మొక్కల్లో డిఎన్ఏ బరువు సమానమైనంత మాత్రాన అవి ఒకటి కావు, వేరైనంత మాత్రాన రెండు జాతులూ కావు. ఎక్కడ పెరుగుతోంది, గడ్డపై పొర లోపలి వైపు ఉన్ని ఎంత దట్టంగా ఉంది, కాండం నునుపా నూగా, పక్కన పెరిగే తులిప్‌లతో సహజంగా కలుస్తోందా అన్నవన్నీ కలిపి చూడాలి.

శోధిని రాశారు:

కేసరి గారూ, న్యాయమూర్తి అని నేనూ అనను. దాన్ని ఒక సాక్షిగా తీసుకోవాలి. మిగిలిన సాక్షులు ఒకరికొకరు విరుద్ధంగా చెప్పినప్పుడు ఈ సాక్షి మాట చాలా సార్లు తీర్పుకు దారి చూపించింది, లినిఫోలియా విషయం అలాంటిదే. హరితరేణువుల డిఎన్ఏకు కూడా ఒక పరిమితి ఉంది. అది సాధారణంగా తల్లి వైపు నుంచే వస్తుంది కనుక, సంకరం వల్ల పుట్టిన జాతి కథలో సగమే చెబుతుంది. సంకరం ఇంత సులువుగా జరిగే ఉపప్రజాతి తులిపాలో అది చిన్న లోటు కాదు.

పత్రహరితం రాశారు:

ఇంత ఓపికగా వివరిస్తున్నందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒరిథియా దగ్గర నాకు మరొక చిక్కు వచ్చింది. తూర్పు ఆసియాలో తులిపా ఎడ్యూలిస్ అని పాత పుస్తకాలు చెప్పే మొక్కకు కూడా పొడవైన కీలం ఉంది. దాన్ని కొందరు అమానా అనే వేరే ప్రజాతిలో పెడుతున్నారు. కీలం పొడవుగా ఉంటే ఒకటి తులిప్‌లోనే ఉపప్రజాతిగా ఉండి, మరొకటి బయటకు ఎందుకు పోయింది?

శోధిని రాశారు:

ఈ ప్రజాతి సరిహద్దు ఎక్కడ అన్నది ఇక్కడే తేలుతుంది.

మామూలు తులిప్‌లో కీలం ఉండదు, మూడు తమ్మెలున్న కీలాగ్రం నేరుగా అండాశయం మీద కూర్చుంటుంది. పొడవైన కీలం చూసి డేవిడ్ డాన్ 1836లో ఒరిథియాను స్వతంత్ర ప్రజాతిగానే వర్ణించాడు. తరువాత దాన్ని తులిప్‌లో కలిపారు. అమానాను 1935లో హోండా వేరు చేశాడు. చైనా, కొరియా, జపాన్‌లలో పెరిగే ఈ మొక్కలకు కీలంతో పాటు ఇంకొక ప్రత్యేకత ఉంది: పువ్వు కింద కాడ మీద ఆకుల్లాంటి రెండో మూడో పుష్పపుచ్ఛాలుంటాయి. అడవి తులిప్‌లలో అవి కనిపించవు. చాలాకాలం దీన్ని చిన్న తేడాగానే చూసి, అమానాను తులిప్‌లోనే ఉంచారు. డిఎన్ఏ వరుసలను పోల్చినప్పుడు మాత్రం అమానాకు దగ్గరి చుట్టం తులిప్ కాదనీ, ఎరిథ్రోనియం అనే మరొక గడ్డ మొక్కల ప్రజాతి అనీ తేలింది. అమానాను తులిప్‌లో ఉంచాలంటే ఎరిథ్రోనియాన్ని కూడా తెచ్చి తులిప్‌లో కలపవలసి వస్తుంది, లేదా ఒక వంశాన్ని మధ్యలో కోయవలసి వస్తుంది. ఆ రెండింటికన్నా అమానాను వేరుగా ఉంచడమే మేలు. ఒరిథియా విషయంలో అలాంటి ఇబ్బంది రాలేదు, అది తులిప్ వంశం లోపలే ఉంది. అంటే పొడవైన కీలం ఆ రెండు చోట్లా ఉన్నంత మాత్రాన అది ప్రజాతి సరిహద్దు కాజాలదు.

మొగలిరేకు రాశారు:

నేను మధ్య ఆసియా పర్వతాల్లో నడిచినప్పుడు తీసిన ఒక చిత్రం నా దగ్గర ఉంది. రాళ్ల మధ్య జానెడు ఎత్తున్న మొక్క, ఒకే కాడకు నాలుగు పూలు, తెల్లని రేకులు, మధ్యలో పసుపు. వెలుపలి వైపు రేకులు బూడిద కలిసిన ఆకుపచ్చగా ఉన్నాయి. ఇప్పుడు మీరు చెప్పినదంతా చదివి చిత్రాన్ని పెద్దది చేసి చూస్తే, కేసరాల అడుగున పసుపు నూగు స్పష్టంగా కనిపిస్తోంది. ఇది ఎరియోస్టెమోనెస్ అని నేను ధైర్యంగా చెప్పవచ్చా?

వనమాలి రాశారు:

తప్పకుండా చెప్పవచ్చు. తెల్లని రేకులు, పసుపు నడిబొడ్డు, ఒకే కాడకు ఒకటికి మించి పూలు అన్న మూడూ కలిస్తే మీ మొక్క తులిపా బైఫ్లోరా బంధువర్గంలోనిది. ఆ జాతిని పల్లాస్ 1776లో వర్ణించాడు. అయితే జాతి పేరు దగ్గర ఆగుదాం. బైఫ్లోరాలో సాధారణంగా కాడకు ఒకటి నుంచి మూడు పూలు, తులిపా టర్కెస్టానికాలో అంతకంటే ఎక్కువ, ఒక్కోసారి పన్నెండు దాకా వస్తాయి. నాలుగు పూలు టర్కెస్టానికా వైపు మొగ్గు చూపుతున్నాయి గాని, పూల లెక్క మొక్క వయసును, ఆ ఏటి వానను బట్టి కూడా మారుతుంది. దీని దగ్గరి జాతులు మరికొన్ని ఉన్నాయి, వాటి మధ్య తేడా చెప్పాలంటే గడ్డపై పొర చూడాలి. దాని కోసం గడ్డను తవ్వమని మాత్రం నేను చెప్పను. అడవి తులిప్ గడ్డ చాలా లోతున ఉంటుంది, ఏటేటా కిందికి కాడను దించి ఇంకా లోతుకు పోతుంది. తవ్విన మొక్క మళ్లీ అక్కడ బతకడం కష్టం.

మరోసారి వెళ్లినప్పుడు నాలుగు చిత్రాలు తీయండి. పువ్వు లోపలి భాగం, అందులో ఒక కేసరాన్ని దగ్గరగా, రేకు వెలుపలి వైపు, కాండం మీద నూగు కనిపించేలా ఆకు మొదలు. పక్కన ఉన్న మరో పది మొక్కలను కూడా అలాగే తీయండి. ఒక్క మొక్కను చూసి పెట్టిన పేర్లే తరువాత పర్యాయనామాలైన చరిత్ర ఈ ప్రజాతిలో చాలా ఉంది.

కేసరి రాశారు:

వనమాలి గారి చివరి మాటకు తులిపా గెస్నేరియానా కంటే పెద్ద ఉదాహరణ లేదు. కాన్రాడ్ గెస్నర్ 1559లో ఆగ్స్‌బర్గ్‌లోని ఒక తోటలో పూసిన ఎర్రని తులిప్‌ను చూసి వర్ణించాడు, లిన్నేయస్ ఆయన పేరునే ఆ జాతికి పెట్టాడు. ఆ మొక్క అప్పటికే ఎన్నో తరాలుగా మనుషుల చేతుల్లో పెరిగి, కలిసి, మారినది. అడవిలో దాని తల్లి ఏదో ఒకే మొక్కను చూపించి చెప్పలేం. తరువాత ఫ్రాన్స్‌లోని సవాయ్, ఉత్తర ఇటలీ, స్విట్జర్లాండ్‌లలో పొలాల గట్ల మీద, పాత తోటల అంచుల్లో పెరుగుతున్న తులిప్‌లను అడవి జాతులుగా భావించి వరుసగా పేర్లు పెట్టారు. 1846లో జోర్డాన్ వర్ణించిన తులిపా డిడియెరీ, 1946లో టొమ్మెన్ వర్ణించిన తులిపా గ్రెంజియోలెన్సిస్ అలాంటివే. వీటికి నియోతులిపే అని ఒక సామూహిక నామం కూడా ఉంది. పాత తోటల నుంచి తప్పించుకుని నాటుకుపోయినవని నేడు ఎక్కువమంది భావిస్తున్నారు. వీటిని లెక్కలో చేర్చినవారి సంఖ్య పెరుగుతుంది, చేర్చనివారిది తగ్గుతుంది. పత్రహరితం గారి మొదటి ప్రశ్నకు సగం జవాబు ఇదే. అయినా ఒక విన్నపం: జాతి హోదా పోయినా ఆ మొక్కలు విలువ కోల్పోలేదు. స్విట్జర్లాండ్‌లోని గ్రెంజియోల్స్ గ్రామ పొలాల్లో ఆ పసుపు తులిప్ మరెక్కడా లేని రూపంలో నిలిచి ఉంది, దాన్ని కాపాడుకోవడానికి లాటిన్ పేరు స్థాయి అడ్డు కాకూడదు.

శోధిని రాశారు:

సంఖ్య తగ్గడమే కాదు, పెరుగుతోంది కూడా. కిర్గిజ్‌స్తాన్ నుంచి తులిపా టోక్టోగులికా అనే జాతిని 2022లో కొత్తగా వర్ణించారు. కనుక 76 అన్న సంఖ్యకు పక్కన సంవత్సరం రాయకుండా వ్యాసంలో పెట్టవద్దు.

పత్రహరితం రాశారు:

మీ అందరి సూచనలతో మొదటి పేరా తిరగరాశాను. పదాల విషయంలో పాఠ్యపుస్తకాల్లో ఉన్న ప్రజాతి, జాతి, కేసర దండం, కీలాగ్రం అన్నవే వాడాను. లశునం అన్న మాటకు మాత్రం గడ్డ అని రాశాను, చదివేవారికి అది వెంటనే కళ్లకు కడుతుంది. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి.

"తులిపా లిల్లీ కుటుంబానికి చెందిన గడ్డ మొక్కల ప్రజాతి. ఆరు రేకులు, ఆరు కేసరాలు, మూడు గదుల అండాశయం, బల్లపరుపుగా దొంతరలు పేర్చినట్లుండే విత్తనాలు దీని లక్షణాలు. 2013 నాటి సమీక్ష ప్రకారం ఇందులో 76 జాతులు, నాలుగు ఉపప్రజాతులు ఉన్నాయి. కేసర దండం అడుగున నూగు ఉన్నవి ఎరియోస్టెమోనెస్. నూగు లేనివి ఒకే వంశం కావు. వాటిలో పొడవైన కీలం ఉన్నవి ఒరిథియా, కణ కేంద్రకంలో డిఎన్ఏ తక్కువగా ఉన్న కొన్ని జాతులు క్లూసియానే, మిగిలినవి ఉపప్రజాతి తులిపా. ఒకప్పుడు ఇందులో చేర్చిన తూర్పు ఆసియా మొక్కలను ఇప్పుడు అమానా అనే ప్రజాతిగా చూస్తున్నారు."

కేసరి రాశారు:

పేరా బాగుంది. ఒక్క సవరణ చేయండి. "మిగిలినవి" అన్న మాట తీసేసి, "పెద్ద పువ్వులు, ఎక్కువ డిఎన్ఏ ఉన్న జాతులు అధికంగా గలది ఉపప్రజాతి తులిపా" అని రాయండి. బ్వాసియే తడబడింది సరిగ్గా అలాంటి మాట దగ్గరే.

పత్రహరితం రాశారు:

సవరించాను. మొగలిరేకు గారి అనుమతి ఉంటే, నూగు కనిపించే ఆ చిత్రాన్ని జాతి పేరు లేకుండా "ఎరియోస్టెమోనెస్ ఉపప్రజాతికి చెందిన ఒక అడవి తులిప్" అన్న వివరణతో వ్యాసంలో చేరుస్తాను.

మొగలిరేకు రాశారు:

సంతోషంగా వాడుకోండి. కేసరం అడుగు భాగాన్ని మాత్రమే కత్తిరించిన పెద్ద చిత్రాన్ని కూడా ఈ రాత్రికే పంపిస్తాను.